బెత్తెడు వాటం

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో మా ఇంట్లో ముందుగా కదిలింది కొట్టం నిట్టాడు. మా పెద్ద బర్రె సింగారి మెడ దురద తీర్చుకుందామని దానికేసి రుద్దుకుంటుంటే, పైనుంచి గూనపెంక ఒకటి జారి నా పాలబకెట్ పక్కనే పడి నాలుగు ముక్కలైంది. నేను సింగారిని తిట్టాను. అది నా వైపు ఒకసారి చూసి మళ్లీ రుద్దుకుంది. అప్పుడు చూశాను, కప్పు భారమంతా మోస్తున్న ఆ నడిమి స్తంభం మొదట్లో చెదలు తినేసి, గోటితో గీకితే పిండిలా రాలుతోంది.

మా మామ పెళ్లినాటి కొట్టం అది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో మా అరెకరం ఉంది. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లో గోడౌన్లో అయిపోగా, మట్టిగోడల కొట్టం ఒక్కటే పిలవని పేరంటానికి వచ్చినట్టు వాటి మధ్య నిలబడి ఉండేది.

"ఇగ గిది ఆగదు," అన్నాడు నా భర్త రవీందర్ ఆ సాయంత్రం, నిట్టాడును కాలితో తట్టి. "మిరుగు లోపట, వానలు మొదలుగాకముందే కొత్తది లేపుదాం. ఇనుప గుంజలు, పైన రేకులు, కింద సిమెంటు. మేస్త్రి బాలేష్‌కు చెప్పిన."

నాకైతే అడగకుండానే దేవుడు దిగివచ్చినట్టు అయింది. పదమూడేళ్లుగా ఆ మట్టినేల మీద పెండ ఎత్తిన నడుము నాది. సిమెంటు నేల అంటే చీపురుతో ఒక ఊపు, నాలుగు బకెట్ల నీళ్లు, అంతే.

నేను సూరారంలో పుట్టి పెరిగిన దాన్ని. మా నాయినది ఫ్యాక్టరీ పని. పెళ్లయి వచ్చిన కొత్తలో బర్రెకు ముందేదో వెనకేదో తోకను బట్టి పోల్చుకునేదాన్ని. మా అత్త బాలనర్సమ్మ నా వేళ్లను తన వేళ్లతో పట్టి పొదుగు మీద పెట్టి నేర్పించింది. నెల్లాళ్లకు గానీ ధార పడలేదు. తర్వాత రెండు బర్లు ఆరయ్యాయి. పొద్దున దుండిగల్ నుంచి లేచే చిన్న శిక్షణ విమానాలు మా తల మీద చక్కర్లు మొదలుపెట్టే వేళకు నా పిండడం అయిపోయి, కొట్టం కడగడం సగానికి వచ్చేది. రవీందర్ అంతకు చాలా ముందే మొదటి క్యాన్లు బండికి కట్టుకుని సిటీలో సుచిత్ర దాకా పోయి అక్కడి అపార్ట్‌మెంట్లలో పోసి వస్తాడు. పని సగం సగం అని ఆయన అంటాడు. ఎవరి సగం పెద్దదో బర్లను అడగాలి.

పాత కొట్టం కూల్చే రోజు మా అత్త రెండు షరతులు పెట్టింది. బర్రె చూస్తుండగా దాని కొట్టం కూల్చకూడదు. మొదటి బర్రెను కట్టిన గుంజను ఇంటి ఆడమనిషే పెకలించాలి, కొత్త కొట్టంలో నేల వేయకముందే మళ్లీ పాతాలి. అలాగేనని బర్లను చింతచెట్టు కిందికి తోలి, పైన టార్పాలిన్ కట్టాం. మా అత్త గుంజకు పసుపు రాసి, బొట్టు పెట్టి, రెండు చేతులా పట్టుకుని ఊపి ఊపి లాగింది. అది బయటికి వచ్చాక దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

మామ గుర్తొచ్చాడేమో అనుకున్నాను. గుంజను మేస్త్రి చేతికి ఇవ్వకుండా తన మంచం కిందికి నెట్టుకుంటే, అది కూడా అందుకేలే అనుకున్నాను. మనిషి సంతోషంలో ఉంటే కళ్లు కనిపించినవన్నీ తనకు కావలసినట్టే చదువుకుంటాయి.

బాలేష్ మా ఊరివాడే. హైవే పక్క గోడౌన్లు కట్టీ కట్టీ పేరు తెచ్చుకున్న మేస్త్రి. పది రోజుల్లో గోడలు లేపాడు. ఆ గోడలు బర్రెకు ఎందుకో గానీ ఏనుగుకు సరిపోయేంత ఎత్తున్నాయి.

"గింత ఎత్తెందుకు?" అని రవీందర్‌ను అడిగాను.

"గాలి ఆడొద్దా?"

గాలి ఆడాలంటే ఒక పక్క వదిలేయాలి కదా, నాలుగు పక్కలా మూసి ముందర షట్టర్ పెడుతున్నావేంటంటే, దొంగల భయం అన్నాడు. మేత వేసే గాడి ఎటు దిక్కు కడుతున్నావంటే, అది తర్వాత చూద్దాం అన్నాడు. ప్రతి దానికీ జవాబు ఉంది, ప్రతి జవాబూ నాకు నచ్చింది. సూరారం ఫోన్ చేసి మా అమ్మకు చెప్పాను, నా బర్లకు షట్టర్ ఉన్న ఇల్లు కడుతున్నారని. మా అమ్మ పక్కింటామెకు చెప్పిందట.

"అత్తమ్మా, నేల పోస్తున్నరు. గుంజ పాతొద్దా?" అని నేనే గుర్తుచేశాను.

"ఉండనియ్ బిడ్డా," అంది ఆమె అటు తిరిగి పడుకుంటూ. "ఇప్పుడేం జల్దీ."

కంకర నేల పోసిన నాలుగో రోజు సిమెంటు దుమ్ము కడుగుదామని లోపలికి వెళ్లి ఒక బకెట్ నీళ్లు పారబోశాను. నీళ్లు గుండ్రంగా పరుచుకున్నాయి. ఎటూ పోలేదు. ఇంకో బకెట్ పోశాను. ఆ గుండ్రం పెద్దదైంది, అంతే. రేకుల సందులోంచి పడే ఎండ అందులో కదలకుండా ఉంది.

కొట్టం నేలకు వాటం ఉండాలని అందులో పుట్టిన ఈగకు కూడా తెలుసు. ఆరు బర్ల ఉచ్చ, కడిగిన నీళ్లు ఒక పక్కకు జారి మోరీలో పడాలి. పడకపోతే బర్రె తడిలోనే పడుకుంటుంది. గిట్టలు మెత్తబడతాయి, పొదుగు వాస్తుంది. అద్దంలాంటి ఆ నేల మీద ఒక్క బర్రె కూడా నెల రోజులు నిలవదు.

బాలేష్ బయట ఇసుక జల్లిస్తున్నాడు.

"బాలేషూ, నేలకు వాటం మరిచినవా?"

"ఢాలా? మరుసుడేంది వదినా, రసమట్టం పెట్టి మరీ కొట్టిన," అన్నాడు వాడు ఎంతో గొప్పగా. "సుక్క నీళ్లు కదిలితె నా పేరు తీసెయ్. పెద్ద పెద్ద డబ్బాలు, ఇనుప ర్యాకులు పెడతరు గద, గోడౌను నేల గట్లనే ఉండాలె. మొన్న కొలతలకొచ్చిన కంపెనీ సారు గిదే చెప్పిండు."

అంటూ అంటూనే నా ముఖం చూసి ఆగిపోయాడు. జల్లెడ కింద పెట్టాడు.

"రవన్న నీకు చెప్పలే?"

"చెప్పిండు," అన్నాను.

అంత అబద్ధం అంత తొందరగా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మేస్త్రికి తెలిసిన సంగతి ఇంటి ఇల్లాలికి తెలియదంటే పరువు ఎక్కడుంటుంది? ఖాళీ బకెట్ పట్టుకుని ఇంట్లోకి వచ్చాను.

మా అత్త గోరుచిక్కుళ్లు ముందేసుకుని తుంచుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అత్తమ్మా, గా కొట్టం బర్లకు గాదంట."

ఆమె తలెత్తలేదు. ఇంకో రెండు కాయలు తుంచింది.

"వాడు మొదాలు నన్నే అడిగిండు," అంది. "నేనే సరేనన్న."

"బర్లను?"

"మిరుగు దాటినంక ములుగు దిక్కోళ్లెవరో కొంటరంట."

"నువ్వెందుకు సరేనన్నవ్?"

అప్పుడు ఆమె కుడిచేయి ఎత్తి నా ముఖం ముందు పెట్టింది. వేళ్లు నాలుగూ ఒకే పక్కకు వంగిపోయి, కణుపులు ఉబ్బి ఉన్నాయి. "నలభై ఏండ్లు పిండిన. ఇప్పుడు బువ్వ కలుపుకోరాదు నాకు. నీ బొటనవేలు పొద్దుగాల వంగుతలేదు, వేన్నీళ్లల్ల పెట్టుకుంటున్నవ్, నేను చూస్తలేనా? మీ అమ్మ నిన్ను గిందుకు పంపిందా?"

నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. ఆ తల్లీ కొడుకూ నన్ను బాధపెట్టాలని అనుకోలేదు. నా చేతులు చూసి జాలిపడి, నా బర్లను నాకు చెప్పకుండా అమ్మేయాలనుకున్నారు.

"మరి నన్నొక్క మాట అడిగిన్రా?"

"అడిగితె నువ్వు వద్దంటవని," అంది ఆమె. అందులో కల్లాకపటం లేదు.

ఆ పూటంతా ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు బర్లంటే ప్రాణమని చెప్తే అది అబద్ధం. చలికాలం తెల్లవారుజామున దుప్పటి తీయాలంటే నాకూ బర్లన్నీ సచ్చిపోతే బాగుండుననే అనిపిస్తుంది. కానీ సుచిత్రలో నలభై ఇళ్లవాళ్లు మా పాలను 'దివ్య పాలు' అంటారు. నేను వాళ్లలో సగం మంది ముఖం కూడా చూడలేదు. ఒకరోజు బోడి బర్రె తక్కువిచ్చి నేను వేరేచోటి పాలు కలిపి పంపితే, ఇవాళ పాలు దివ్య పిండలేదా అని ఒకావిడ ఫోన్ చేసింది. సూరారంలో నేను ఫలానా వాళ్ల బిడ్డను, ఇక్కడ ఫలానా వాళ్ల కోడలిని. నా పేరు నాకు తెచ్చిపెట్టింది ఆ కొట్టం ఒక్కటే. దాన్ని వదులుకోవాలో వద్దో నేను కదా చెప్పాల్సింది.

మర్నాడు నేల మీద పైపూత. ఒకసారి అది ఆరిందంటే ఇక కొట్టం కొట్టం కాదు. రవీందర్ అద్దె కాగితాలు రాయించుకోవడానికి పొద్దున్నే మేడ్చల్ వెళ్లాడు. ఆయన బండి మలుపు తిరిగేదాకా ఆగి, బాలేష్ దగ్గరికి వెళ్లాను. పూతకు సిమెంటు మాలు కలపబోతున్నాడు.

"బాలేషూ, ఇటు గోడ కాడ బెత్తెడు లేపు," అని నాలుగు వేళ్లు గోడకు ఆనించి చూపించాను. "అటు దిక్కు మోరీకి దించు."

"మోరీ ఏడిది వదినా?"

"ఎనక గోడకు రెండిటుకలు తీసేస్తె అదే అయితది. ర్యాంపుకని తెచ్చిన సిమెంటు ఉంది గద, గది వాడు."

వాడు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి నవ్వు ఆపి ఫోన్ తీశాడు. "రవన్నను అడుగుత."

"అడుగు. నేనేమన్న వద్దంటున్ననా? ఆయనేమంటడో నీకెరుకే, నాకెరుకే."

ఫోన్ చెవిదాకా పోలేదు. నేను అడిగాను, "పాత కొట్టం నేల ఎవరు కొట్టిన్రు?"

"మా బాపు."

"ఎప్పుడన్న నీళ్లు నిలిచినయా?"

"మా బాపు కొట్టినంక నీళ్లెట్ల నిలుస్తయ్?" వాడికి రోషం వచ్చింది. "ఆయనకు రసమట్టం గిసమట్టం తెల్వది. చెంబుతోని నీళ్లు పోసి, అవి పోయే తొవ్వ చూసుకుంట కొట్టెటోడు."

"నీకొస్తదా గట్ల?"

బాలేష్ నా వైపు, నేల వైపు చూశాడు. పద్నాలుగేళ్లుగా నీళ్లు కదలని నేలలు వేస్తున్న మనిషి. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని ప్యాంటు మడుచుకున్నాడు.

"రవన్న తిడితె?"

"దివ్య చెప్పిందని చెప్పు. నా పేరు మీదనే వెయ్యి."

మధ్యాహ్నానికి సగం అయింది. బాలేష్ పట్టీ ఈడుస్తూ, వెనక్కి జరుగుతూ, తలవంచి ఒక కన్ను మూసి చూసుకుంటూ కొడుతున్నాడు. గుమ్మంలో నీడ పడితే తిరిగి చూశాను. మా అత్త, చేతిలో చెంబు. ఆమె లోపలికి రాలేదు. గోడ వారగా వంగి, ఆరిన మేర మీద చెంబెడు నీళ్లు పోసింది. నీళ్లు కాసేపు తటపటాయించి, సన్నగా సాగి, మోరీ వైపు వెళ్లిపోయాయి.

ఆమె ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి మంచం కింది గుంజను ఈడ్చుకుంటూ వచ్చింది.

"గిది ఆ మూలకు కంకర పలగ్గొట్టి పాతు బాలేషూ," అంది. "గట్టిగ పాతు. గా సింగారిది మస్తు దురద."

రవీందర్ ఎండ వాలాక వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. షట్టర్ దగ్గర ఆగాడు. మొదట గుంజను చూశాడు, తర్వాత నేలను.

"ఎవరు చెప్పిన్రురా గిట్ల?"

బాలేష్ తాపీ కడుక్కుంటున్నాడు. వాడు నోరు తెరిచేలోపే నేను చెప్పాను. "నేనే."

ఆయన అక్కడే ఉన్న చెంబు తీసుకుని నీళ్లు పోశాడు. అవి ఆయన చెప్పుల పక్కనుంచి పోయి గోడ కన్నంలోంచి బయట పడిన చప్పుడు వినిపించింది.

"నన్నొక్క మాట అడిగితే ఏం బోతుండె?"

పొద్దుటినుంచీ నేను ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను. "నువ్వు నన్నడిగినవా?" అన్నాను. అనాలనుకున్నట్టే అన్నాను. కానీ అనుకున్నంత బాగోలేదు.

"నీ చేతులు చూసే జేసిన," అన్నాడు ఆయన. గొంతు తగ్గించి, "పదమూడేండ్ల సంది నేను గూడ నాలుగ్గొట్టంగనే లేస్తున్న. వానలో, సలిలో, సుచిత్ర దాకా. నేనన్న అలసిపోవద్దా?" అన్నాడు.

కవరు గోడకు ఆనించి పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను. నన్ను అడగలేదన్న కోపంలో, ఆయన్ను నేను కూడా ఏనాడూ అడగలేదన్న సంగతి మరిచిపోయాను. అలసిపోయావా అని పదమూడేళ్లలో ఒక్కసారి అడగలేదు. సగం సగం అన్నప్పుడల్లా వెక్కిరించాను. ఆ మాటకు నోటితో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. తర్వాతి చలికాలానికి స్కూటీ నేర్చుకున్నాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు సుచిత్రకు క్యాన్లు నేనే తీసుకెళ్తాను, ఆ రోజుల్లో ఆయన పిండుతాడు. సింగారి తంతుంది. దానికి ఆయన వేళ్లు ఇంకా అలవాటు కాలేదు.

కానీ అదంతా తర్వాత. అప్పుడు మాత్రం మా ఇంట్లో మాటలు బందయ్యాయి. "అమ్మా, కూరల ఉప్పు తక్కువైందని చెప్పు," అనేవాడు నా ఎదురుగా కూర్చునే. "చెప్పిన పో," అనేది మా అత్త, నాకు చెప్పకుండానే. కంపెనీ ఆయన కారులో వచ్చి, నీళ్ల సీసా నేల మీద పడుకోబెట్టాడు. అది దొర్లుకుంటూ మోరీ దాకా పోయింది. ఆయన నవ్వి, ఫోన్ చేస్తానని చెప్పి వెళ్లాడు. అలా చెప్పి వెళ్లినవాళ్లు ఎవరూ చేయరు.

అయినా నేల మళ్లీ మట్టం చేయించడం పెద్ద పనేం కాదు. ఒక ట్రాక్టర్ కంకర, రెండు రోజుల కూలి. ఏ రోజు ట్రాక్టర్ చప్పుడు వినిపించినా చేతిలో పని ఆపి రోడ్డు వైపు చూసేదాన్ని. బర్లు చింతచెట్టు కిందే ఉన్నాయి. వాటిని నేనే లోపలికి తోలుకుపోవచ్చు. కానీ తోలలేదు. ఒకసారి అడగకుండా చేశాను. రెండోసారి చేయబుద్ధి కాలేదు.

తొమ్మిదో రోజు పగటిపూట మబ్బు పట్టింది. మిరుగు ఇంకా రెండు రోజులుందనగా గాలి లేచి, వాన అందుకుంది. టార్పాలిన్ ఒక మూల తెగి టపటపా కొట్టుకుంటుంటే బర్లు బెదిరి తలుగులు గుంజుకుంటున్నాయి. నేను ఆరేసిన బట్టలు అక్కడే పడేసి పరుగెత్తాను. నేను వెళ్లేసరికి రవీందర్ అక్కడున్నాడు. అప్పటికే సింగారి తలుగు విప్పాడు. తల తడుస్తోంది, అంగీ వీపుకు అంటుకుపోయింది. నా వైపు చూడకుండా దాన్ని కొట్టం దాకా నడిపించాడు.

సింగారి షట్టర్ దగ్గర ఆగిపోయింది. సిమెంటు నేలను వాసన చూసి వెనక్కి జరిగింది. రవీందర్ లాగాడు, తిట్టాడు, వెనకనుంచి నెట్టాడు. అది ఒక్క అడుగు వేయలేదు. అప్పుడు దాని ముక్కు మూల వైపు తిరిగింది. రెండు డెక్కలు లోపల పెట్టి, ఆగి, మళ్లీ రెండు పెట్టి, నెమ్మదిగా వెళ్లి పాత గుంజకు మెడ ఆనించి రుద్దుకోవడం మొదలుపెట్టింది. గుంజ కదల్లేదు.

రవీందర్ మిగతావాటికోసం వానలోకి వెళ్లాడు. నేను లోపలే నిలబడ్డాను. సింగారి ఉచ్చ పోసింది. అది నేల మీద పాయగా సాగి, మోరీలోంచి బయటి వాననీళ్లలో కలిసిపోయింది.

ఆయన బోడిదాన్ని, ఆ వెనకే కొమ్ములదాన్ని పట్టుకుని వచ్చాడు. రెండు తలుగులు రెండు చేతుల్లో పట్టుకుని షట్టర్ కింద నిలబడ్డాడు. ఆ రెండింటికీ పడదు. పక్కపక్కన కడితే రాత్రంతా పొడుచుకుంటాయి. ఏది ఏ పక్కన ఉంటే పాలిస్తుందో, ఏది ఎవరి తోక కనిపిస్తే మేత ముట్టదో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన పాలే చూశాడు గానీ కొట్టం లోపలి లెక్క ఎప్పుడూ చూడలేదు.

ముఖం మీది నీళ్లు భుజానికి తుడుచుకుని, తొమ్మిది రోజుల తర్వాత నాతో మాట్లాడాడు.

"చెప్పు దివ్యా," అన్నాడు. "దేన్ని ఏడ కట్టాలె?"

బర్లు రెండూ తడిసి ఆవిర్లు కక్కుతూ నిలబడ్డాయి, ఆయనా అలాగే నిలబడి ఉన్నాడు.

"బోడిది సింగారి పక్కన," అన్నాను. "కొమ్ములదాన్ని ఇటియ్యి, అది నా చేతికైతేనే వస్తది."